మాయా శిథిలాలకు మొదటి బస్సు

గత నెల ఈ శీర్షికలో మెక్సికోలోని యూకటాన్ గురించి, పూర్వం మాయా అనే జనం అక్కడ కట్టుకున్న రాతి నగరాల గురించి ఒక పేరా రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు తిరుమల నడకదారి గురించి రాసినప్పుడు కూడా రాలేదు. నెల్లూరులో ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో చేసి రిటైరైన మనిషికి మాయా శిథిలాలతో ఏం పని అని ఒకరిద్దరు నిష్ఠూరంగా అడిగారు. మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది. ఆ పుణ్యమా అని 2017, 2019, 2023లో మూడుసార్లు అటు వెళ్లివచ్చాను. నేను చరిత్ర పండితుణ్ని కాను. బండి ఎప్పుడు కదులుతుంది, ఎక్కడ ఆగుతుంది, తిరుగు బండి ఉందా లేదా అన్నవి మాత్రం నాకు తెలిసిన విద్యలు. ఆ మేరకే జవాబులు.

జనవరిలో డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళుతున్నాం. అక్కడినుంచి మాయా శిథిలాలు చూడటానికి ఐదు రోజులు చాలతాయా? మెక్సికో వీసా వేరుగా తీసుకోవాలా?
*– ఒక పాఠకురాలు, హైదరాబాద్*

అమ్మా, ముందు వీసా సంగతి. మన పాస్‌పోర్టులో గడువు తీరని అమెరికా వీసా ఉంటే మెక్సికోకు పర్యాటకులుగా వెళ్లడానికి వేరే వీసా అక్కరలేదు. గరిష్ఠంగా 180 రోజులు ఉండనిస్తారు. అయితే ఎన్ని రోజులన్నది విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు. స్టాంపు మీద ఏం రాశాడో అక్కడే నిలబడి చదువుకోండి. తిరిగి అమెరికాలోకి రావాలి కాబట్టి మీ వీసా ఒకటికంటే ఎక్కువ ప్రవేశాలకు పనికివచ్చేదేనా అన్నది టికెట్టు కొనకముందే చూసుకోవాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. అమెరికాకని కొన్న ఆరోగ్య బీమా మెక్సికోలో చెల్లకపోవచ్చు. పాలసీ కాగితం చివరి పేజీల్లో ఉంటుంది, అబ్బాయిచేత చదివించండి.

ఐదు రోజులు చక్కగా చాలతాయి, అన్నీ చూడాలనుకోకపోతే. మాయా నగరాలు ఒక్క మెక్సికోలోనే లేవు. గ్వాటెమాలా, బెలిజ్, హోండురాస్, ఎల్ సాల్వడోర్ దాకా పరుచుకుని ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవారు యూకటాన్ ద్వీపకల్పం దాటకండి. కాన్‌కూన్‌లో దిగి, ఆ రాత్రికో మర్నాటికో వయ్యదొలిద్ అనే చిన్న ఊరికి చేరండి. అక్కడ రెండు రాత్రులు, మెరిదాలో రెండు రాత్రులు. చిచెన్ ఇట్సా, ఉష్మాల్ అనే రెండు నగరాలు తీరిగ్గా చూడండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. మీరు ఎంచుకున్న జనవరి మంచి నెల. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం, మన కోస్తావాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

చిచెన్ ఇట్సాకు కాన్‌కూన్ హోటల్లోనే టూరు టికెట్లు అమ్ముతారట. అది తీసుకుంటే సులువు కదా?
*– ఒక పాఠకుడు, విజయవాడ*

సులువే, అయ్యా. 2017లో నేనూ అలాగే వెళ్లాను. అలవాటు చావక ఆ రోజు నోటుబుక్కులో ట్రిప్ షీటు రాసుకున్నాను. అది ఇప్పటికీ ఉంది. ఉదయం 6.40కి మమ్మల్ని ఎక్కించుకున్నారు. ఇంకా పదమూడు హోటళ్లు తిరిగి ఊరు దాటేసరికి 8.30. దారిలో 10.45కి ఒక పెద్ద దుకాణం ముందు ఆపారు. వెండి నగలు, రాతి బొమ్మలు, సారా సీసాలు. అక్కడినుంచి కదిలింది 12 గంటలకు. ఆ తరువాత ఈత కొట్టే బావి, భోజనం. శిథిలాల గేటు దగ్గర దిగేటప్పటికి నా వాచీలో 2.40. తిరిగి బయల్దేరింది 3.40కి. ఆ గంటలో గైడు ఉపన్యాసం ముప్ఫై అయిదు నిమిషాలు. అంటే నగరం చూడటానికి నాకు మిగిలినవి ఇరవై అయిదు నిమిషాలు, దుకాణం చూడటానికి డెబ్బై అయిదు. ఇలాంటి చార్టు నా డిపోలో ఎవరైనా వేసి ఉంటే మెమో ఇచ్చేవాణ్ని.

2019లో పద్ధతి మార్చాను. కాన్‌కూన్ నుంచి ఆ.దె.ఓ. అనే బస్సు సంస్థ బండిలో వయ్యదొలిద్ వెళ్లి నైట్ హాల్టు చేశాను. బండ్లు ఏసీవి, సీట్ల నంబర్లు ఉంటాయి, టికెట్టు ఫోనులోనే కొనుక్కోవచ్చు. వయ్యదొలిద్ నుంచి చిచెన్ ఇట్సా 45 కిలోమీటర్లు. బస్టాండు పరిసరాల నుంచి కొలెక్తీవో అనే వ్యాన్లు నడుస్తాయి. మన షేర్ ఆటో సిద్ధాంతమే, నిండితే కదులుతుంది. మొదటి వ్యాను పట్టుకుంటే గేటు తెరిచే 8 గంటలకు అక్కడ ఉంటారు. రెండున్నర గంటలపాటు ఆ మైదానం దాదాపు మీదే. అమ్మకందారులు అప్పుడే బల్లలు పరుచుకుంటూ ఉంటారు. టూరు బస్సులు వచ్చేది పదిన్నర తరువాతే. ఆపైన ఎటు చూసినా గొడుగులు, టోపీలు. వాటి మధ్య చిరుతలా గుర్రుమనే మట్టి ఈలలను అమ్మకందారులు ఊదుతూ ఉంటారు. మొదటిసారి వెనకనుంచి విన్నప్పుడు నేను నిజంగా ఎగిరిపడ్డాను.

ఇక్కడ గడియారం గురించి ఒక హెచ్చరిక. కాన్‌కూన్, తులూం, కొబా ఉన్న కింతానా రో రాష్ట్రం గడియారం, చిచెన్ ఇట్సా, వయ్యదొలిద్, మెరిదా ఉన్న యూకటాన్ రాష్ట్రం గడియారం కంటే ఒక గంట ముందు ఉంటుంది. కాన్‌కూన్ నుంచి పడమటికి వస్తే ఒక గంట కలిసివస్తుంది. అదే వయ్యదొలిద్ నుంచి తూర్పున కొబా శిథిలాలకు వెళితే గంట పోతుంది. సరిహద్దు దగ్గర ఫోను ఏ గంట చూపిస్తుందో దాని ఇష్టం. తిరుగు విమానం రోజున చేతి వాచీని కాన్‌కూన్ సమయానికి తిప్పి ఉంచుకోండి.

చిచెన్ ఇట్సాలో రెండు టికెట్లు కొనాలి. ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. రెండు చోట్లా డబ్బు కట్టించుకుంటే మోసమనుకోకండి. కార్డు ఒక కిటికీలో పనిచేసి రెండో కిటికీలో చేయకపోవచ్చు, నగదు దగ్గర ఉంచుకోండి. ఆదివారం మెక్సికో పౌరులకు, అక్కడ స్థిరపడినవారికి ప్రవేశం ఉచితం. కుటుంబాలు క్యారేజీలతో తరలివస్తాయి. జనం చూడాలంటే ఆదివారం వెళ్లండి, రాళ్లు చూడాలంటే ఇంకో రోజు. సాయంత్రం 4 తరువాత లోపలికి పంపరు, 5కి మూసేస్తారు.

నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. వెళ్లడానికి ముందు ఏం చదవాలి? నమ్మదగిన పుస్తకాలు, పటాలు, వెబ్‌సైట్లు ఏవి? యూట్యూబ్‌లో చూస్తే గ్రహాంతరవాసులే కట్టారంటున్నారు.
*– ఒక పాఠకుడు, వరంగల్*

బాబూ, ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం నీది. గ్రహాంతరవాసులను పక్కన పెట్టు. కట్టినవారి మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, నిన్ను వ్యానులో ఎక్కించుకుని చిల్లర అడుగుతారు.

మొదట ఒక పాత పుస్తకం. జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అనే అమెరికా న్యాయవాది, ఫ్రెడరిక్ కేథర్‌వుడ్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు 1839లో ఈ అడవుల్లోకి దిగారు. స్టీఫెన్స్ మధ్య అమెరికా యాత్ర పుస్తకం 1841లో, యూకటాన్ యాత్ర పుస్తకం 1843లో వచ్చాయి. కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి కాబట్టి గూటెన్‌బర్గ్ ప్రాజెక్టులో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. హోండురాస్‌లోని కోపాన్ శిథిలాలున్న నేలను యాభై డాలర్లకు ఎలా కొన్నాడో స్టీఫెన్స్ చెప్పే తీరు చదివితే నవ్వాగదు. ఆ బేరం కుదరడానికి తన దౌత్యాధికారి కోటు, దానికున్న పెద్ద గుండీలు తొడుక్కుని నిలబడ్డాడట! కేథర్‌వుడ్ బొమ్మలు ఫోనులో దింపుకుని వెళ్లు. ఉష్మాల్‌లో గవర్నరు భవనం ముందు నిలబడి ఆయన బొమ్మను, ఎదురుగా ఉన్న గోడను పక్కపక్కన పెట్టి చూశాను. ఏ రాయి అప్పటిది, ఏది తరువాత తిరిగి పేర్చింది అన్నది కనిపెట్టడం మంచి ఆట. నేను అక్కడ గంటన్నర గడిపాను, మా అమ్మాయికి ఆకలేసి కోపం వచ్చింది.

రెండోది, ఏ ప్రదేశం తెరిచి ఉంది, టికెట్టు ఎంత, ఎక్కడ మరమ్మతులు అన్నవి. మెక్సికోలో శిథిలాలన్నీ ఇనా అనే జాతీయ మానవశాస్త్ర, చరిత్ర సంస్థ అధీనంలో ఉంటాయి. మన పురావస్తు శాఖలాంటిది. దాని వెబ్‌సైట్‌లో ప్రతి ప్రదేశానికీ ఒక పేజీ ఉంది. స్పానిష్‌లో ఉన్నా ఫోను అనువదించి చూపుతుంది. ధరలు ఏటా మారతాయి కాబట్టి నేను ఇక్కడ అంకెలు రాయను. పాత గైడు పుస్తకాల్లో ధరలు, ఎక్కనిచ్చే గోపురాలు, బస్సు వేళలు, మూడూ తప్పే అయి ఉంటాయి. చరిత్ర భాగం మాత్రం పనికివస్తుంది.

మూడోది లిపి. మాయా వారు అంజీరు జాతి చెట్ల బెరడును చితక్కొట్టి కాగితం చేసి, దాని మీద సున్నం పూత పూసి, మడతల పుస్తకాలు రాసుకున్నారు. 1562లో మానీ అనే ఊళ్లో దియేగో దె లాందా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి అలాంటి పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టించాడు. ఇవాళ ప్రపంచం మొత్తం మీద మిగిలినవి నాలుగే. వాటిలో చక్కగా ఉన్నది జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. అక్కడి గ్రంథాలయం దాని ప్రతి పుటనూ స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచింది. తమాషా ఏమిటంటే, తగలబెట్టించిన ఆ లాందాయే తన రచనలో మాయా అక్షరాల జాబితా ఒకటి రాసిపెట్టాడు. నాలుగు శతాబ్దాల తరువాత, 1952లో, యూరీ క్నోరొజోవ్ అనే సోవియట్ పండితుడికి ఆ జాబితాయే తాళంచెవి అయింది. అవి అక్షరాలు కావు, మన గుణింతంలాగా హల్లూ అచ్చూ కలిసిన ధ్వనులు అని ఆయన పట్టుకున్నాడు. తెలుగు చదివేవాడికి ఈ సంగతి ఇంగ్లిషువాడికంటే తొందరగా ఎక్కుతుంది. దీని మీద పరిశోధన వ్యాసాలు, శాసనాల గీతచిత్రాలు మెసోవెబ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. హార్వర్డ్ వారి పీబడీ మ్యూజియం శాసనాల సంపుటాలు తెస్తోంది, వాటిలో చాలా బొమ్మలు నెట్‌లో చూడవచ్చు.

పటాలకు రెండు మాటలు. వేల మాయా ప్రదేశాలను గుర్తించిన ఎలక్ట్రానిక్ అట్లాస్ ఒకటి ఉంది. బ్రౌన్, విచీ అనే ఇద్దరు పండితులు తయారుచేశారు. ఇంట్లో కూర్చుని చూస్తే గుండె ఆగినంత పని అవుతుంది, అన్ని చుక్కలు. గ్వాటెమాలాలో విమానం నుంచి లేజరు కిరణాలు పంపి అడవి కింద వెతికితే రెండు వేల చదరపు కిలోమీటర్ల మేరలో 60 వేలకు పైగా కట్టడాలు తేలాయని 2018లో ప్రకటించారు. ఆ చుక్కలు ఇంకా పెరుగుతాయన్నమాట. ఇక దారిలో పనికివచ్చే పటం వేరు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఆధారంగా నడిచే యాప్ ఏదైనా ఒకటి తీసుకుని, ఆ రాష్ట్రాల పటాలు ముందే దింపుకో. కలక్‌ముల్ అనే మాయా నగరానికి పెద్ద రోడ్డు వదిలి అడవిలో 60 కిలోమీటర్లు పోవాలి. ఆ దారిలో నీ ఫోనులో సిగ్నలు దేవుడెరుగు. స్పానిష్ అనువాదం కూడా నెట్ లేకుండా పనిచేసేలా దింపి ఉంచుకో.

మ్యూజియం శిథిలాలకు ముందా, తరువాతా అని చాలామందికి అనుమానం. ముందే. మెరిదాలోని మాయా ప్రపంచ మహా మ్యూజియంలో ఒక పూట గడిపి ఉష్మాల్ వెళితే, గోడల నిండా పొడుగుముక్కుతో కనిపించేవాడు వానదేవుడు చాక్ అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆ ప్రాంతంలో నదులు లేవు, బావులు లేవు. రాతి నేలను తొలిచి చుల్తూన్ అనే తొట్లు కట్టి వాననీళ్లు దాచుకున్నారు. అందుకే అన్ని ముక్కులు.

మేం శాకాహారులం. గుడ్డు కూడా తినం. ఆకలితో తిరిగి రావాలా?
*– ఒక పాఠకురాలు, విశాఖపట్నం*

ఆకలి ఉండదమ్మా, అనుమానం ఉంటుంది. అక్కడ చిక్కుడుగింజలు వండేటప్పుడు పంది కొవ్వు వేయడం మామూలు. దాని పేరు మాంతెకా. అన్నం కోడి పులుసులో ఉడికించి ఉండవచ్చు. ‘శాకాహారం’ అంటే కొన్నిచోట్ల కోడి పరవాలేదనుకుంటారు. అందుకని ఒక్కొక్కటీ పేరు పెట్టి కాదనాలి: సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ ఉఎవో, సిన్ మాంతెకా. మాంసం, కోడి, చేప, గుడ్డు, కొవ్వు వద్దు అని. కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది.

మీరు తప్పక అడగవలసింది సికిల్ పాక్. గుమ్మడి గింజలు వేయించి, టమాటాలు కాల్చి, కొత్తిమీర, మిరపకాయ వేసి నూరతారు. మన రోటి పచ్చడే. మొక్కజొన్న రొట్టెలతో తింటే కడుపు నిండుతుంది. చాయా అనే ఆకుకూర ఉంటుంది, వండినది మాత్రమే తినాలి. బొప్పాయి, జామ ముక్కల మీద కారం, నిమ్మరసం చల్లి రోడ్డు పక్కన అమ్ముతారు.

హబనేరో మిరపకాయ గురించి ఒక మాట. ‘మాది గుంటూరు పక్క, మాకు కారం లెక్కలేదు’ అని మా వియ్యంకుడు బల్ల మీదున్న పచ్చడి చెంచాడు తిన్నాడు. ఆ పూట ఇక ఆయన మాట్లాడలేదు. మిరపకాయ పుట్టింది ఆ ఖండంలోనే, పోర్చుగీసువాళ్లు తెస్తేనే మన దగ్గరికి వచ్చింది. పుట్టింటి దగ్గర గొప్పలు పోకూడదు.

నాకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. గోపురాలు ఎక్కలేను. వెళ్లడం దండగ అంటున్నారు ఇంట్లో.
*– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

ఇంట్లోవాళ్లకు నా మాటగా చెప్పండి: చిచెన్ ఇట్సాలో పెద్ద గోపురం ఎవరినీ ఎక్కనివ్వరు, మోకాళ్లు ఉన్నవాళ్లనైనా లేనివాళ్లనైనా. 2006లో ఒకావిడ పైనుంచి పడి చనిపోయాక మూసేశారు. నేల చదునుగా ఉంటుంది, నడిచే దారులు వెడల్పుగా ఉంటాయి. గోపురం మెట్ల ఎదురుగా నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. ప్రతిధ్వని పిట్ట కూతలా తిరిగి వస్తుంది. ఆ పిట్ట కెత్సల్ అంటారు. దానికి మెట్లు ఎక్కనక్కరలేదు. బంతాట మైదానం 168 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. ఒక చివర రాతి మీద మీరు కూర్చుంటే, రెండో చివర నిలబడ్డవారు ఎంత చిన్నగా కనిపిస్తారో చూడండి.

కొబా మీకోసమే ఉంది. శిథిలాలు అడవిలో దూరదూరంగా ఉంటాయి. లోపల మూడు చక్రాల రిక్షాలు దొరుకుతాయి. మన రిక్షాకు తలకిందులు: మనం ముందు కూర్చుంటాం, తొక్కేవాడు వెనక. చెట్ల నీడలో, పాత మాయా దారుల పక్కగా తీసుకుపోతారు. ఆ దారుల పేరు సక్‌బే, తెల్లబాట అని అర్థం. రాళ్లు పేర్చి సున్నం పరిచి వేశారు. కొబా నుంచి యషూనా దాకా వేసిన ఒక బాట దాదాపు వంద కిలోమీటర్లు. బండి చక్రం వాడని జనం, లాగే పశువు లేని జనం, కాలినడక కోసం వంద కిలోమీటర్ల తిన్నని రోడ్డు వేశారు! జీవితమంతా గుంతల రోడ్ల మీద బస్సులు నడిపించిన శాఖవాణ్ని, ఆ రాళ్లను చేత్తో తడిమి చూసుకున్నాను.

రబ్బరు తొడుగున్న చేతికర్ర, టోపీ, లీటరు నీళ్లు. ఎనిమిదింటికి లోపలికి, పదకొండింటికి బయటికి. పలెంకే అనే ఇంకో మాయా నగరానికి మాత్రం మిమ్మల్ని వెళ్లమని చెప్పను, అక్కడ అంతా మెట్లూ వాలులూ, పైగా తడి.

పలెంకే, తికాల్: రెండింటిలో ఒకటే చూడగలం. ఏది?
*– ఒక దంపతులు, నిజామాబాద్*

నేనైతే తికాల్ అంటాను. అది గ్వాటెమాలాలో ఉంది కాబట్టి వీసా సంగతి ఆ దేశపు రాయబార కార్యాలయంలో విడిగా కనుక్కోవాలి. సరస్సు మధ్య ఫ్లోరెస్ అనే చిన్న ద్వీపంలో ఊరుంది. అక్కడినుంచి వ్యానులో గంటన్నర. పార్కు లోపలే బస చేసే ఏర్పాటు కూడా ఉంది, డబ్బుకు వెనకాడకండి. తెల్లవారుజామున చీకట్లో ఒక గర్జన వినిపిస్తుంది. పులి అనుకుని మంచం మీద లేచి కూర్చుంటారు. అది కోతి. అరిచే కోతి అనే జాతి, మనిషి మోకాలంత ఉంటుంది, గొంతు మాత్రం అడవంత. నాలుగో ఆలయం 65 మీటర్ల ఎత్తు. పక్కన వేసిన చెక్కమెట్ల మీదుగా పైకి వెళ్లవచ్చు. పైన కూర్చుంటే పచ్చటి సముద్రంలా అడవి, దానిలోంచి రెండు మూడు శిఖరాలు. పొద్దు పొడవడం చూడాలని అందరూ వస్తారు. నేను వెళ్లిన రోజు మంచు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ మంచులో కోతుల అరుపులు వింటూ కూర్చోవడమే బాగుంది. సూర్యోదయం టికెట్టు వేరు, ముందే కొనాలి.

పలెంకే చిన్నది, సుకుమారమైనది. అక్కడ కథ బాగుంటుంది. 1948లో అల్బెర్తో రూస్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు శాసనాల ఆలయం నేలలో ఒక పలకకు రంధ్రాలుండటం గమనించాడు. పలక లేపితే కిందికి మెట్లు, నిండా రాళ్లూ మట్టీ. నాలుగేళ్లు తవ్వారు. 1952లో అడుగున పాకాల్ రాజు సమాధి బయటపడింది. ఆ రాజు 615లో, పన్నెండేళ్లకు, గద్దెనెక్కి 683లో పోయాడు. సమాధిలోకి ఇప్పుడు పంపరు. ఆయన పచ్చరాతి ముసుగు మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో చూడవచ్చు. విమానం మారడానికి మెక్సికో నగరంలో ఒక పూట దొరికితే అటు పరుగెత్తండి.

స్పానిష్ అంటే భయమున్నవారికి బెలిజ్ ఉంది. అక్కడ అధికార భాష ఇంగ్లిషు. శునాన్‌తునిచ్ అనే చోట గోపురం 40 మీటర్లు, ఎక్కనిస్తారు.

మార్చి 20 ప్రాంతంలో చిచెన్ ఇట్సా మెట్ల మీద పాము దిగుతుందట కదా. ఆ రోజే వెళ్లాలా? 2012లో యుగాంతమన్నారు, అదేమైంది? పాండవులకు సభ కట్టిన మయుడు వీళ్లవాడేనా?
*– ఒక పాఠకుడు, అనంతపురం*

ఒక కవరులో మూడు ప్రశ్నలు పెట్టారు, పోస్టేజీ బాగా గిట్టింది.

పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సాయంత్రపు ఎండకు గోపురం అంచుల నీడ మెట్ల పక్క గోడ మీద త్రికోణాలుగా పడి, కింద ఉన్న రాతి పాము తలకు ఒళ్లు వచ్చినట్లు కనిపిస్తుంది. మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. ఆ రోజున వేలమంది వస్తారు, మబ్బు పడితే అందరూ ఉసూరుమంటారు. రెండు రోజులు ముందో వెనకో వెళ్లినా నీడ దాదాపు అలాగే ఉంటుంది, మెడ మీద ఎవరి మోచెయ్యీ ఉండదు. గోపురానికి నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున, పైన అరుగుతో కలిపి 365. అది ఏ రోజైనా లెక్కపెట్టుకోవచ్చు.

2012 డిసెంబరు 21న వారి దీర్ఘ పంచాంగంలో ఒక పెద్ద చుట్టు పూర్తయింది. కిలోమీటరు మీటరులో తొమ్మిదులన్నీ తిరిగి సున్నాలు పడ్డట్లు. బండి ఆగలేదు.

మయుడితో సంబంధం లేదు. మాయా అన్న పేరు మాయపాన్ అనే వారి నగరంతో ముడిపడినది. మన మాయతోనూ మయుడితోనూ చెవికి మాత్రమే చుట్టరికం. వారి భాషలో రెండు ముక్కలు నేర్చుకుని వెళ్లండి. ‘బాష్ కా వాలిక్’ అంటే ‘ఏమంటారు?’ అని. కుశలం అడగడానికి వాడతారు, మనం ‘ఏమిటి సంగతులు’ అన్నట్లు. జవాబు ‘మాలోబ్’, బాగుంది అని. కృతజ్ఞత చెప్పాలంటే ‘ద్యోస్ బోతిక్’. వయ్యదొలిద్ వ్యాను డ్రైవరు ఫోనులో ఎవరితోనో మాయాలో మాట్లాడుతుంటే, దిగేటప్పుడు నేను ద్యోస్ బోతిక్ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నన్ను తేరిపార చూసి, ఫోనులో ఉన్నవారికి ఏదో చెప్పి పెద్దగా నవ్వాడు. ఏమన్నాడో గాని, చార్జీలో ఐదు పెసోలు వెనక్కిచ్చాడు.

మాయా నంబర్లు ఎలా రాయాలి? నాకు పదేళ్లు. స్కూల్లో ప్రాజెక్టు ఉంది.
*– రాజమహేంద్రవరం నుంచి, పై ఉత్తరం రాసిన అమ్మమ్మగారి కవరులోనే*

నాన్నా, మూడు గుర్తులు చాలు. చుక్క అంటే 1. అడ్డగీత అంటే 5. గవ్వ అంటే సున్నా. నాలుగు దాకా చుక్కలు పెట్టు, ఐదుకు గీత గీయి. ఎనిమిది కావాలంటే గీత మీద మూడు చుక్కలు. నీ వయసు పది, అంటే రెండు గీతలు. పంతొమ్మిది దాకా ఇలా పోతుంది: మూడు గీతలు, నాలుగు చుక్కలు. ఇరవై వచ్చిందా, మనం పది దగ్గర పక్కగదిలోకి వెళ్లినట్లు వాళ్లు పై అంతస్తుకు వెళతారు. కింద గవ్వ, పైన ఒక చుక్క: అది 20. పై అంతస్తులో ఒక్కో చుక్కకు ఇరవై విలువ. దాని పైన ఇంకో అంతస్తులో 400. తేదీల లెక్కలో మాత్రం ఆ మూడో అంతస్తు విలువ 360, ఏడాదికి దగ్గరగా ఉండాలని.

అమ్మమ్మ వయసు 68 అని రాశారు. మూడు ఇరవైలు అరవై, మిగిలింది ఎనిమిది. పైన మూడు చుక్కలు. కాస్త చోటు వదిలి, కింద గీత, దాని మీద మూడు చుక్కలు. అట్ట మీద గీసి ఆవిడ చేతిసంచిలో పెట్టు. మ్యూజియంలో రాతి పలక ముందు నిలబడినప్పుడు అంకెలు పోల్చుకోవడానికి పనికివస్తుంది.